టాయిలెట్ పేపర్ దురద: ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి మాట్లాడుకుందాం



ఈ సెప్టెంబరులో మన గ్రూపు నుంచి నలుగురైదుగురు చదువుకి బయటి దేశాలకు పోతున్నారని పోస్టులు చూశాను. చాలా సంతోషం. వీసా గురించి, బ్యాంకు కాగితాల గురించి, చలికోట్ల గురించి, ఏ పచ్చడి ఎన్ని కిలోలు పెట్టుకోవాలో దాని గురించి కూడా అన్నలు, అక్కలు రాశారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. సిగ్గు కదా, రాయరు. అందుకే నేను రాస్తున్నాను. పోస్టు పెద్దది, ఓపికగా చదవండి. బయటి దేశం పోనివాళ్లు కూడా చదవండి, చివర్లో మన హాస్టళ్ల సంగతి కూడా ఉంది.

నేను కోయ పిల్లని. భద్రాచలం అవతల మా గూడెం. ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, హైదరాబాద్‌లో డిగ్రీ. ఆ తర్వాత ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వస్తే ఇంగ్లండ్‌లో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. ఉత్తరాన ఒక చిన్న పట్నం. ఐదుగురం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఐదుగురికీ ఒకటే బాత్రూమ్. అందులో అన్నీ ఉన్నాయి, నీళ్ల పైపు తప్ప. గోడకి ఒక కాగితం చుట్ట, అంతే.

ముందు ఒక మాట. డిగ్రీ హాస్టల్లో ఉన్నప్పుడు ఒకమ్మాయి నవ్వుతూ అడిగింది, "మీ అడవిలో ఆకులతో తుడుచుకుంటారంట కదా?" అని. పదిమంది నవ్వారు. మా గూడెంలో మా అవ్వ సొరకాయ బుర్ర పట్టుకుని వాగుకి పోయేది. మా అమ్మ చెంబు పట్టుకుని పోయేది. మా ఇంటికి బాత్రూమ్ కట్టినాక బకెట్టూ మగ్గూ వచ్చాయి. ఎప్పుడైనా నీళ్లే. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. మాకు రెండూ ఒకటే. అట్లాంటి నేను ఆకు ముట్టకుండా ఇరవై మూడేళ్లు పెరిగి, చివరికి ఇంగ్లండ్ పోయి చెట్టుతో తుడుచుకోవాల్సి వచ్చింది. కాగితం అంటే చెట్టే కదా. ఆకు వాడితే అడవి మనిషి అంట, చెట్టు మొత్తం నరికి, ఉడకబెట్టి, తెల్లగా చేసి వాడితే నాగరికుడంట. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, అసలు సంగతి.

మా ఇంట్లో సరుకులు వంతులవారీగా కొనేవాళ్లం. కాగితం చుట్టలు ఎవరి వంతు వస్తే వాళ్లు తెచ్చేవాళ్లు. ఒకసారి చవకది, గరుకుగా ఉండేది. ఇంకోసారి పూల బొమ్మలు అచ్చేసింది, విప్పితే గది మొత్తం సబ్బు వాసన. ఇంకోసారి మెత్తగా, ఏదో లోషన్ రాసినట్టు ఉండేది. అక్టోబరు చివరికి నాకు అక్కడ మంట మొదలైంది. నవంబరుకి దురద. ఆ చలికి లోపల ఒక ప్యాంటు, పైన ఒక ప్యాంటు. గదిలో హీటరు వేస్తే ఒళ్లంతా ఎండిపోయేది. రెండు గంటల క్లాసులో కుదురుగా కూర్చోలేకపోయాను. వారానికి ఇరవై గంటలు ఒక వృద్ధుల ఆశ్రమంలో పని చేసేదాన్ని, నడుస్తుంటే ఒరుసుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేవి. రాత్రి నిద్ర లేదు. డిసెంబరులో ఇవ్వాల్సిన అసైన్‌మెంట్లు రెండు. స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లకి తెలుసు, ఒక సబ్జెక్టు పోతే ఎన్ని భయాలు చుట్టుకుంటాయో.

చూసినవాళ్లు మన దగ్గర ఏమనుకుంటారో కూడా తెలుసు కదా. అక్కడ దురద అంటే ముందు మనిషి నడత మీదికే పోతారు. నా మనసులోనూ అదే భయం తిరిగింది, ఏ కారణం లేకుండానే.

కాగితం దురదని పెంచుతున్నట్టుందని ఇంట్లో ఒకమ్మాయితో అన్నాను. ఆమె పాపం మంచిదే, తను వాడే తడి టాయిలెట్ పేపర్ ప్యాకెట్ ఇచ్చింది. సున్నితమైన చర్మానికి అని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మొదటి వారం హాయిగా అనిపించింది. రెండో వారానికి చర్మం ఉబ్బింది, చిన్న చిన్న పొక్కులు వచ్చి రసి కారింది. అంతవరకు ఉన్నది ఒక రకం, ఇది ఇంకో రకం అని నాకే తెలిసిపోయింది.

అప్పుడు మా అక్కకి ఫోన్ చేశాను. మా అక్క ఏజెన్సీలో పీహెచ్‌సీ కింద ఏఎన్ఎం. నాకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట, తనకి పొద్దున ఆరున్నర, డ్యూటీకి తయారవుతోంది.

"అక్కా, ఒకటి చెప్తా, అమ్మకి చెప్పకు."

"ఏందే, గొంతు అట్లుంది? చెప్పు."

చెప్పాను. అక్క నవ్వలేదు, అయ్యో అని కూడా అనలేదు. వరుసగా అడిగింది. రాత్రిపూటే ఎక్కువా, పగలు కూడానా? రక్తం పడుతోందా? తెలుపు అవుతోందా, వాసన ఉందా? వేళ్ల సందుల్లో, నడుం దగ్గర దురద ఉందా? ఆ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? మచ్చ గుండ్రంగా, అంచు లేచి ఉందా? అన్నిటికీ లేదు లేదు అన్నాను.

"అయితే గజ్జి కాదు, తామరలాగా లేదు, నులిపురుగులు కూడా కాకపోవచ్చు. ఇప్పుడు చెప్పు, అక్కడికి పోయినాక నీ ఒంటికి తగిలేది ఏం మారింది? తినేది అడగట్లేదు. తగిలేది చెప్పు."

ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. సబ్బు మారలేదు, ఇక్కడి నుంచే పట్టుకుపోయాను. బట్టల పౌడర్ మారింది, కానీ చంకల్లో, నడుం దగ్గర ఏమీ లేదు. మిగిలింది కాగితం.

"అది ఆపు. మగ్గుతో నీళ్లు తీసుకుపో. సబ్బు పెట్టకు, డెట్టాల్ పెట్టకు, పసుపు పెట్టకు. ఇక్కడ నుంచి ఎవరన్నా ట్యూబు ఇస్తే అసలే పూయకు. డాక్టరుకి చూపించు."

ట్యూబు గురించి అక్క ఎందుకు అందో వివరంగా చెప్పాలి. మన దగ్గర మెడికల్ షాపులో దురద అంటే చాలు, స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీము చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఎందుకంటే స్టెరాయిడ్ దురదని అణిచేస్తుంది. ఆపగానే రెట్టింపుగా వస్తుంది. అక్కడి చర్మం అసలే పలచన, గట్టి స్టెరాయిడ్ రోజులతరబడి పూస్తే ఇంకా పలచబడి చిట్లుతుంది. తామర ఉన్నవాళ్లకైతే అది దాక్కుని పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం పెట్టింది. కానీ మన సంతల దగ్గర షాపుల్లో చీటీ ఎవరడుగుతారు?

నేను డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె చూసి, "పెద్దగా ఎరుపేమీ లేదు, కొంచెం పొడిబారింది అంతే" అని పంపించింది. బయటికి వచ్చి బస్టాపులో నిలబడి ఆలోచించాను. ఎరుపు ఎట్లా కనబడుతుంది? నా రంగు చూశారా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. చర్మం వాచినప్పుడు తెల్లవాళ్లకి గులాబీ రంగులో, ఎర్రగా కనబడుతుంది. మనలాంటి రంగు మీద అదే వాపు ముదురు గోధుమగానో, ఊదా రంగుగానో, బూడిద పూసినట్టో కనబడుతుంది. కొన్నిసార్లు రంగులో తేడా తెలియదు, చేత్తో తాకితేనే వేడి, గట్టిదనం తెలుస్తాయి. చర్మవ్యాధుల పుస్తకాల్లో చాలాకాలం ఎక్కువ ఫొటోలు తెల్ల చర్మానివే. దీని మీద పని చేసింది పెద్ద ప్రొఫెసర్ మాత్రమే కాదు, ఒక విద్యార్థి. లండన్‌లో సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలో వైద్యం చదువుతున్న మలోన్ ముక్వెండే అనే ఆఫ్రికా సంతతి కుర్రాడు, క్లాసులో చెప్పే లక్షణాలు నల్ల చర్మం మీద ఎట్లా ఉంటాయో ఎవరూ చూపించట్లేదని, ఇద్దరు అధ్యాపకులతో కలిసి 2020లో 'మైండ్ ద గ్యాప్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. నలుపు, గోధుమ రంగు చర్మం మీద లక్షణాలు ఎట్లా కనబడతాయో చూపించే పుస్తకం. ఒక స్టూడెంటు చేసిన పని అది. మన గ్రూపులో మెడిసిన్ చదివేవాళ్లు దీన్ని తప్పకుండా చూడండి. రేపు మన గూడేల్లో మీరు చూడబోయే చర్మం కూడా ఈ రంగుదే.

రెండోసారి ఇంకొక డాక్టరు దగ్గరికి పోయాను. ముందే చెప్పాను. "నా చర్మం మీద ఎరుపు కనబడదు. పక్కన ఉన్న చర్మం రంగుతో పోల్చి చూడండి, చేత్తో తాకి చూడండి. అక్టోబరులో మొదలైంది, కాగితం మార్చినప్పుడల్లా పెరుగుతోంది, తడి కాగితంతో పొక్కులు వచ్చాయి" అని తేదీలతో రాసుకున్న కాగితం ఇచ్చాను. ఆయన పది నిమిషాలు శ్రద్ధగా చూశాడు. స్పర్శ వల్ల వచ్చే చర్మవాపు అన్నాడు. తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్ కొద్ది రోజులకి, పైన పూయడానికి పెట్రోలియం జెల్లీ రాశాడు. అలర్జీ పరీక్షకి చర్మ విభాగానికి పంపించాడు. ఆ అపాయింట్‌మెంట్ రావడానికి ఐదు నెలలు పట్టింది. కానీ కాగితం ఆపి నీళ్లు వాడిన పది రోజులకే రాత్రిపూట నిద్ర వచ్చింది. అసైన్‌మెంట్లు రెండూ టైముకి ఇచ్చాను.

ఆ తర్వాత చదువుకుని, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

కాగితంతో వచ్చే చర్మవాపు రెండు రకాలు. మొదటిది ఒరుపు వల్ల, రసాయనం నేరుగా కాల్చడం వల్ల వచ్చేది. ఇది ఎవరికైనా రావచ్చు. పొడి కాగితంతో గట్టిగా, మళ్లీ మళ్లీ తుడిస్తే చర్మం పైపొర గీసుకుపోతుంది. పూర్తిగా శుభ్రం కాక మిగిలిన మలం, చెమట, తడి అక్కడ చేరి మంట పుట్టిస్తాయి. విరేచనాలు అయిన వారంలో ఎవరికైనా ఇది అనుభవమే. స్పర్శ వల్ల వచ్చే చర్మవాపుల్లో ఎక్కువ శాతం ఈ రకమే.

రెండోది అసలైన అలర్జీ. ఇది అందరికీ రాదు. ఒంట్లో రక్షణ కణాలు ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. మొదటిసారి ఏమీ కాదు, పదోసారీ కాకపోవచ్చు. ఒకసారి గుర్తు పడ్డాక మాత్రం కొంచెం తగిలినా ఒకటి రెండు రోజుల్లో దురద, వాపు, పొక్కులు వస్తాయి. "ఇన్నాళ్లూ వాడాను, ఏమీ కాలేదు, ఇప్పుడెట్లా వస్తుంది?" అని అడగకండి. ఇన్నాళ్లూ వాడటం వల్లే వస్తుంది. పైగా తగిలిన రోజు కాకుండా తర్వాత రోజో, ఆ మర్నాడో బయటపడుతుంది కాబట్టి దేని వల్ల వచ్చిందో పట్టుకోవడం కష్టం.

మరి కాగితంలో ఏముంటుంది? నా చదువు కూడా ఇదే కాబట్టి కొంచెం చెప్తాను. పైన్ లాంటి చెట్ల నార పొడుగ్గా ఉంటుంది, అది కాగితానికి బలం. యూకలిప్టస్ నార పొట్టిగా ఉంటుంది, అది మెత్తదనం. యూకలిప్టస్ అంటే మన జామాయిలే. ఈ చెక్కని రసాయనాలతో ఉడికించి గుజ్జు చేసి, తెల్లగా అయ్యేదాకా బ్లీచ్ చేసి, పెద్ద వేడి డ్రమ్ము మీద ఆరబెట్టి, బ్లేడుతో గీకి తీస్తారు. ఆ గీకడంతోనే కాగితానికి సన్న ముడతలు, మెత్తదనం వస్తాయి. ఇంతవరకు పెద్ద ఇబ్బంది లేదు. ఆ తర్వాత కలిపేవాటితోనే చిక్కు. వాసనకి సెంటు (చాలాసార్లు మధ్యలో అట్ట గొట్టానికి రాస్తారు), బొమ్మలకి రంగు, మెత్తగా ఉండటానికి లోషన్, పొరలు అంటుకోవడానికి జిగురు. తడిసినా చిరగకుండా ఉండటానికి రెజిన్లు వాడతారు. అవి టాయిలెట్ పేపర్‌లో తక్కువ, వంటింటి టిష్యూల్లో ఎక్కువ. అందుకే చుట్ట అయిపోయిందని వంటింటి టిష్యూ వాడకండి, అది గరుకు, పైగా పైపులు మూసుకుపోతాయి. కొన్ని కాగితాల్లో ఫార్మాల్డిహైడ్ ఆనవాళ్లు ఉంటాయి. దానికి అలర్జీ ఉన్న ఒక మహిళకి ఏళ్లతరబడి ఉన్న దురద టాయిలెట్ పేపర్ ఆపగానే పోయిందని కెనడా డాక్టర్లు 2010లో రాశారు.

నిజం చెప్పాలంటే, ఏ వాసనా రంగూ లేని మామూలు తెల్ల కాగితంతో అసలైన అలర్జీ అరుదే. తడి కాగితాలతోనే ఎక్కువ. తడి ఉన్నచోట బూజు పడుతుంది, అది పట్టకుండా నిల్వ మందు కలుపుతారు. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ మందు ఇట్లాగే ప్రపంచమంతా దురదలు పుట్టించింది. 2013లో అమెరికా చర్మ డాక్టర్ల సంఘం ఒకటి దాన్ని 'ఆ ఏటి అలర్జీ కారకం' అని ప్రకటించింది. 2017 నుంచి యూరప్‌లో, ఒంటికి పూసి కడగకుండా వదిలేసే వస్తువుల్లో దాన్ని నిషేధించారు. తడి కాగితం కూడా ఆ కోవలోదే. పేరు కష్టంగా ఉంది కదా. ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాల్లో ఇంకా కష్టంగా ఉంటుంది. ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

ఇంకో చిత్రమైన సంగతి. యూరప్ చట్టం ప్రకారం తడి కాగితం సౌందర్య సాధనాల కిందికి వస్తుంది, కాబట్టి అందులో ఏమున్నాయో రాయాలి. పొడి టాయిలెట్ పేపర్ ఆ చట్టం కిందికి రాదు. చుట్ట మీద ఎన్ని పొరలో, ఎన్ని షీట్లో రాస్తారు, ఏం కలిపారో రాయరు. కాబట్టి చదివి తెలుసుకునే దారి లేదు. వాసన చూసి, రంగు చూసి వదిలేయడమే.

మే నెలలో నా పరీక్ష అయింది. దాన్ని ప్యాచ్ టెస్ట్ అంటారు. చిన్న చిన్న బిళ్లల్లో రకరకాల పదార్థాలు పెట్టి వీపు మీద అంటిస్తారు. రెండు రోజులు వీపు తడపకూడదు. తర్వాత తీసి చూస్తారు, ఇంకో రెండు రోజులకి మళ్లీ చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. నాకు రెండు చోట్ల పొంగింది, రెండూ సెంటు మిశ్రమాలే. పూల కాగితంలో వాసన, తడి కాగితంలో వాసన, రెండూ అవే. "సున్నితమైన చర్మానికి" అని రాసిన ప్యాకెట్ వెనకాల చదివితే 'పర్ఫ్యూమ్' అని ఒక్క మాట ఉంది. ఆ ఒక్క మాట వెనకాల పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. వీపు మీద వచ్చిన మచ్చలు కూడా నల్లగానే వచ్చాయి, ఆ నర్సు తాకి చూసి రాసుకుంది. కింద దురద పోయినా నల్లటి మరక మాత్రం ఏడాది దాకా ఉంది. మన రంగు చర్మానికి అది మామూలే, మెల్లగా పోతుంది. తెల్లబడటానికని ఏ క్రీములూ రుద్దకండి.

ఇప్పుడు బయటికి పోయేవాళ్లకి నా మాటలు:

1. సూట్‌కేసులో ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకోండి. నవ్వినవాళ్లని నవ్వనివ్వండి. మూతికి సన్న గొట్టం ఉన్న సీసాలు కూడా దొరుకుతాయి, బ్యాగులో పెట్టుకుని కాలేజీకి తీసుకుపోవచ్చు. గోడకి నీళ్ల పైపు బిగించాలంటే ఇంటి ఓనరుని అడగండి, అక్కడ దానికి నియమాలు ఉన్నాయి.

2. నీళ్లతో కడిగాక కాగితంతో అద్దండి, రుద్దకండి. తడి మిగిలినా దురదే. వాసన, రంగు, లోషన్ లేని తెల్ల కాగితం కొనండి. ఇంట్లో అందరూ కలిసి కొంటే మీ చుట్ట మీరు విడిగా పెట్టుకోండి.

3. సబ్బు, డెట్టాల్, వాసన వాష్‌లు అక్కడ వద్దు. మన చర్మానికి కొంచెం పులుపు గుణం ఉంటుంది, సబ్బుది క్షార గుణం. రోజూ రుద్దితే రక్షణ పొర పోతుంది.

4. కాటన్ లోబట్టలు వేసుకోండి. రాత్రి గోకకుండా గోళ్లు కత్తిరించుకోండి. గోకితే దురద, దురదకి గోకడం, ఆ చుట్టులో పడితే బయటికి రావడం కష్టం.

5. ఎప్పుడు మొదలైంది, ఏం వాడారు, ఎప్పుడు పెరిగింది, తేదీలతో రాసుకోండి. డాక్టరు దగ్గర సిగ్గుతో సగం మింగేస్తాం. కాగితం మీద ఉంటే మింగలేం.

6. రక్తం పడినా, చీము, జ్వరం, గడ్డ, వాసన ఉన్న తెలుపు ఉన్నా, కాగితం ఆపిన రెండు మూడు వారాలకి తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. అన్ని దురదలూ కాగితం వల్ల కాదు. మొలలు, ఫంగస్, షుగర్, సోరియాసిస్, ఇంకా చాలా ఉన్నాయి. నులిపురుగులకైతే రాత్రిపూట దురద ఎక్కువ, ఇంట్లో చిన్నపిల్లలకీ ఉంటుంది.

7. తడి కాగితాలు కమోడ్‌లో వేయకండి. 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో నూనె, తడి కాగితాలు కలిసి గడ్డకట్టి 130 టన్నుల ముద్ద అయింది. దాన్ని తవ్వి తీయడానికి మనుషులు వారాలతరబడి పని చేశారు.

వెదురు కాగితం చర్మానికి మంచిదని అక్కడ ఎక్కువ ధరకి అమ్ముతారు. చూడగానే మనసు ఒకలా అయింది. మన వెదురు కథ మీకు తెలుసు. కాగజ్‌నగర్‌కి ఆ పేరే కాగితం మిల్లు వల్ల వచ్చింది. వెదురు పెరిగే అడవిలో పుట్టినవాళ్లు తట్ట అల్లుకోవడానికి నాలుగు బొంగులు కొట్టినా కేసులు పడిన రోజులు ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు మనది అని రాతలోకి వచ్చింది. మా నాన్న కూడా రెండెకరాల్లో జామాయిల్ వేసి లారీకి ఎత్తాడు. సారపాక మిల్లు వైపు పోయే ఆ లారీలు చూస్తూనే పెరిగాను. కాగితం అంటే మనకి పరాయిది కాదు. కానీ వెదురు అని రాసి ఉన్నంత మాత్రాన చర్మానికి మంచిదని నమ్మకండి. వెదురునీ ఉడికించాలి, బ్లీచ్ చేయాలి. దానికీ సెంటు కలపొచ్చు. నార ఏ చెట్టుదని చూడటంతో సరిపోదు, పైన ఏం కలిపారో చూడాలి.

ఇక మన హాస్టళ్ల సంగతి. ఈ మధ్య ఒక చెల్లి ఫోన్ చేసింది, గురుకులంలో ఇంటర్ చదువుతోంది. ఏప్రిల్లో బోరు ఎండిపోయింది, ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తోంది, పిల్లలందరూ వాసన వచ్చే తడి టిష్యూ ప్యాకెట్లు కొనుక్కుని వాడుతున్నారు, పదిమందికి దురద అంది. పీరియడ్స్‌లో వాసన ప్యాడ్లు, పైన తడి టిష్యూలు, నీళ్లు లేవు. వార్డెన్ మేడం "శుభ్రంగా ఉండరు కాబట్టే" అన్నదంట. శుభ్రంగా ఉండాలంటే నీళ్లు కావాలి కదా మేడం. ఇంగ్లండ్‌లో నాకు వచ్చిన దురదకీ, ఈ పిల్లల దురదకీ కారణం ఒకటే, నీళ్లు ఉండాల్సిన చోట కాగితం రావడం. తేడా ఏమిటంటే నాకు డాక్టరు, పరీక్ష, మందు దొరికాయి. వాళ్లకి తిట్లు దొరికాయి.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ రోజు నీళ్లు వచ్చాయి, ఏ రోజు రాలేదు, ఎంతమందికి దురదలు, తేదీలతో రాయండి. ఏఎన్ఎం వచ్చినప్పుడు చూపించండి. గజ్జి ఉన్నవాళ్లని విడిగా గుర్తించి, ఆ గదిలో అందరికీ ఒకేసారి మందు ఇవ్వమని అడగండి, ఒక్కరికి ఇస్తే మళ్లీ వస్తుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఎవరూ పారేయకండి. ఆ నోటు పుస్తకం కాపీలతో ఐటీడీఏ గ్రీవెన్స్‌కి పోండి. "మాకు దురదలు" అని పోతే సిగ్గు. "ఏప్రిల్లో పదిహేడు రోజులు బాత్రూములో నీళ్లు లేవు" అని పోతే అది లెక్క. లెక్కకి జవాబు చెప్పాల్సి ఉంటుంది.

ఆ చెల్లి హాస్టల్లో అట్లాగే మొదలుపెట్టారు. ఐదో తరగతి పిల్ల ఒకతి రోజూ పొద్దున ట్యాంకు దగ్గరికి పోయి చూసి టిక్కు పెడుతోందంట.

బయటికి పోయేవాళ్లలో ఎవరికైనా ఈ ఇబ్బంది వస్తే నాకు నేరుగా మెసేజ్ పెట్టండి. చెల్లెళ్లు మా అక్కతో మాట్లాడాలంటే మాట్లాడిస్తాను. తను నవ్వదు. మందు పేరు మాత్రం అడగకండి, అది డాక్టరు పని.

జోహార్.